సంతకం ఒక్కటే రక్షణ కాదు

సొంత స్థలంలో మిత్రులకు తుపాకీ షూటింగ్ పోటీ ఏర్పాటు చేసేవారు, వచ్చినవారందరి చేతా బాధ్యత మినహాయింపు పత్రం (ప్రమాదం జరిగితే నిర్వాహకుడిని బాధ్యుడిని చేయబోమనే హామీ) మీద సంతకం చేయించుకుంటే నిశ్చింతగా ఉండవచ్చని ఒక వ్యాసకర్త రాశారు. ఈ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆ పత్రం అవసరమే, కానీ నిర్వాహకుడి ఘోర నిర్లక్ష్యం రుజువైతే చాలాచోట్ల న్యాయస్థానాలు దానిని పరిగణనలోకి తీసుకోవు, పైగా సంతకం చేయని పొరుగువారికి అది అసలు వర్తించదు. చిన్నదిగా కనిపించే పాయింట్ 22 (సుమారు 0.22 అంగుళాల వ్యాసం గల) తూటా సైతం అడ్డు లేకపోతే కిలోమీటరు దాటి వెళ్లగలదు కాబట్టి, లక్ష్యాల వెనుక తగినంత ఎత్తయిన మట్టికట్ట ఉందా, దాని అవతల ఎవరున్నారు అన్నవి ముందు తేలాలి.

ఇంటి బీమా ఉంది కదా అనుకోవడం మరో ప్రమాదం. ప్రవేశ రుసుము వసూలు చేస్తే దానిని వ్యాపార కార్యకలాపంగా భావించి బీమా సంస్థ క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు. విడిగా ఈవెంట్ పాలసీ తీసుకున్నా, మినహాయింపుల పేజీని వాక్యం వాక్యం చదవాలి. తుపాకుల వల్ల జరిగే ప్రమాదాలకు వర్తించదనో, పోటీలో పాల్గొనేవారి గాయాలకు వర్తించదనో ఒక్క షరతు ఉన్నా, ఏ భయంతో ప్రీమియం కట్టామో ఆ ప్రమాదానికే పరిహారం అందదు. స్థలం వేరొకరిదైతే ఆ యజమానిని కూడా పాలసీ పరిధిలోకి చేర్పించి, ధ్రువపత్రాన్ని కార్యక్రమానికి ముందే ఆయనకు అందజేయాలి. మద్యం మాత్రం ఆవరణలోకే రానివ్వకూడదు, ఇందులో చర్చకు తావు లేదు.