లాలపోసే వారితో ఎవరు మాట్లాడుతున్నారు?

బాలింతను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజున నర్సు కొన్ని జాగ్రత్తలు చెబుతుంది. బొడ్డు ఊడేదాకా తడిబట్టతో తుడిస్తే చాలు, ముక్కులో చెవుల్లో నూనె వేయవద్దు, పొగ పట్టవద్దు. తల్లి తలూపుతుంది. ఇంటికి వెళ్లాక చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని లాలపోసేది మాత్రం ఆ తల్లి కాదు. అమ్మమ్మో, నాయనమ్మో, వీధిలో పదిమంది పిల్లలకు పోసి చేయి తిరిగిన పెద్దావిడో ఆ పని చేస్తారు. జాగ్రత్తలు విన్నది ఒకరు, నీళ్లు పోసేది మరొకరు. పసిబిడ్డ స్నానం గురించి మన దగ్గర జరిగే చర్చ అంతా సంప్రదాయమా, శాస్త్రమా అనే పాత తగాదా చుట్టూ తిరుగుతుంది గాని ఈ సంగతిని పట్టించుకోదు.

ఆ తగాదా ఎప్పటికీ తేలకపోవడానికి కారణం ఉంది. లాలపోయడం అంటే ఒక్క పని అనుకుంటాం. అందులో నూనె మర్దన ఉంది, శెనగపిండి నలుగు ఉంది, మాడుకు ఆముదం పెట్టడం ఉంది, చెంబులతో వేడినీళ్లు, ముక్కు ఊదడం, కుంపట్లో సాంబ్రాణి, కాటుక, చివర దిష్టి తీయడం ఉన్నాయి. వీటిలో కొన్ని బిడ్డకు మేలు చేస్తాయి. కొన్నింటి వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. రెండు మూడు మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. పెద్దలకు అన్నీ తెలుసని మొత్తాన్ని నెత్తిన పెట్టుకునేవారికీ, మూఢాచారమని మొత్తాన్ని తోసిపుచ్చేవారికీ ఈ తేడా పట్టదు.

మొదటి స్నానం ఎప్పుడన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. పుట్టాక కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆచారం వల్ల అంతసేపు ఆగలేకపోతే 6 గంటలైనా ఆగాలంటుంది. పోసేది వేడినీళ్లే కదా, బిడ్డకు చలి ఎలా తగులుతుంది అని పెద్దావిడ అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి విసుక్కోకుండా జవాబు చెప్పాలి. నీళ్లు ఎంత వేడివైనా, ఒంటి మీద మిగిలిన తడి ఆరేటప్పుడు వేడిని లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. 3 కిలోల బిడ్డ ఒంటి మీద 10 గ్రాముల తడి, అంటే రెండు చెంచాల నీరు, ఆరడానికి కావలసిన వేడంతా బిడ్డ ఒంట్లోంచే పోతే ఉష్ణోగ్రత రెండు డిగ్రీల దాకా పడిపోతుందని లెక్క వస్తుంది. తువ్వాలు కొంత తడిని పీలుస్తుంది, గాలి కొంత వేడి ఇస్తుంది కాబట్టి నిజంగా అంత పడదు. అయినా బరువుతో పోల్చి చూస్తే పసిబిడ్డ చర్మం వైశాల్యం పెద్దవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు. వణికి వేడి పుట్టించుకోవడం ఆ వయసులో సరిగా చేతకాదు. భుజాల మధ్య, మెడ చుట్టూ దాచుకున్న గోధుమరంగు కొవ్వును ఖర్చు పెట్టుకోవాల్సిందే. నెలలు నిండని బిడ్డకు ఆ నిల్వ కూడా తక్కువే.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. ఉగాండాలో చేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పుట్టిన గంటకే గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి, వెంటనే తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టినా, స్నానం చేయించని పిల్లలకంటే చేయించిన పిల్లల్లోనే ఎక్కువమంది చల్లబడ్డారు. నేపాల్‌లో 20 వేల మందికి పైగా శిశువులను గమనించిన పరిశోధకులు 2010లో చెప్పినదాని ప్రకారం, ఒంటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ మరణం ముప్పు సుమారు 80 శాతం చొప్పున పెరుగుతూ పోయింది. చల్లబడిన బిడ్డ పాలు సరిగా తాగదు. తాగకపోతే నెత్తురులో చక్కెర పడిపోతుంది, అది పడిపోతే ఇంకా చల్లబడుతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆస్పత్రిలో మొదటి స్నానాన్ని 12 గంటలైనా వాయిదా వేయడం మొదలుపెట్టాక, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లలు 59.8 శాతం నుంచి 68.2 శాతానికి పెరిగారు.

మన ఇళ్లలో తొందర చలి గురించి తెలియక వచ్చింది కాదు. పుట్టినప్పుడు ఒంటికి అంటి ఉండే తెల్లని జిడ్డు పూతను మైల అనుకోవడం వల్ల వచ్చింది. ఆ పూతలో సుమారు 80 శాతం నీరు, మిగతాది కొవ్వు, మాంసకృత్తులు. సూక్ష్మక్రిములను అడ్డుకునే పదార్థాలూ అందులో ఉన్నాయి. తుడిచేయకపోతే చర్మంలోకి ఇంకిపోతుంది. చిత్రమేమిటంటే, పురిటి స్నానాన్ని పదకొండో రోజుకు పెట్టిన సంప్రదాయమే బిడ్డను మాత్రం పుట్టిన గంటలోపే కడిగించింది. తల్లి విషయంలో అంత ఓపిక పట్టిన ఆచారం బిడ్డ విషయంలో ఒక్క రోజు ఆగితే ఏ పట్టింపూ చెడదు.

అయితే, 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 96 శాతానికి పైగా ప్రసవాలు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. కాబట్టి ఆ మొదటి రోజు ఇప్పుడు ఆస్పత్రి బాధ్యత. అక్కడే ఎవరైనా చుట్టాలకు చూపించే ముందు బిడ్డను కడిగి ఇస్తుంటే, ఆ తప్పును అమ్మమ్మ మీద వేయడానికి వీల్లేదు. ఇంటి చేతిలో ఉన్నది ఆ తర్వాతి వారాలు. అసలు ప్రమాదాలు అక్కడే ఉన్నాయి, వాటికీ నీళ్లకూ పెద్దగా సంబంధం లేదు.

నూనె మర్దన సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పెద్దల వాదన చాలావరకు నిలుస్తుంది. మన దేశంలోనే 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరు వారాల పిల్లలకు నాలుగు వారాలు మర్దన చేస్తే, ముఖ్యంగా నువ్వుల నూనెతో చేసినవాళ్లలో, ఎదుగుదల మెరుగ్గా కనిపించింది. ఢాకాలోని ఒక ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో తేలింది. పల్చటి చర్మానికి నూనె ఒక అడ్డుగోడగా పనిచేసిందని దాని అర్థం. అలాగని ప్రతి నూనే అమృతం కాదు. ఆవనూనె చర్మం పై పొరను దెబ్బతీస్తుందని ప్రయోగశాలలో చూశారు. నెలలు నిండిన పిల్లల మీద బ్రిటన్‌లో 2016లో చేసిన పరిశీలనలో ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె రెండూ చర్మంలోని సహజమైన కొవ్వు పొరల అమరికను కొంత చెదరగొట్టాయి. నాకు తోచేదేమిటంటే, మేలులో పెద్ద వాటా నూనెది కాదు, నెమ్మదిగా తిరిగే చేతిది. కాళ్లూ చేతులూ మెలితిప్పి ‘కీళ్లు సరిచేయడం’, తలకిందులుగా పట్టుకుని ఊపడం ఆ చేతి పని కాకూడదు.

ఇక నూనె ఒంటి మీద కాకుండా ఒంట్లోకి వెళ్లే దగ్గర బేరం లేదు. ముక్కులో రెండు చుక్కలు, గొంతులో ఒక చుక్క ఆముదం వేస్తే కఫం కరుగుతుందని చాలా ఇళ్లలో నమ్మకం. గొంతులో నీళ్లు పొలమారితే బిడ్డ దగ్గి బయటికి తోసేస్తుంది. నూనె అలా కాదు, దగ్గును రేపకుండా మెల్లగా జారి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అక్కడి కణాలు దాన్ని మింగుతాయి గాని అరిగించుకోలేవు. వాపు వస్తుంది, ఆయాసం వస్తుంది, అది న్యుమోనియాగా మారుతుంది. క్రిముల వల్ల వచ్చింది కాదు కాబట్టి యాంటీబయాటిక్స్‌తో తగ్గదు. నూనె వేసిన సంగతి ఇంట్లో వాళ్లు చెప్పకపోతే డాక్టరుకు కారణం అంత సులువుగా తట్టదు. స్నానానికి ముందు నోట్లో వేలు పెట్టి కఫం లాగడం, ముక్కులోకి నోటితో ఊదడం కూడా ఈ కోవలోవే. ఊదేవారి నోటిలోని క్రిములన్నీ బిడ్డ ముక్కులోకి వెళతాయి.

మరొకటి, చాలామంది బయటికి చెప్పుకోనిది: పసిబిడ్డ రొమ్ములు ఉబ్బితే పిండి పాలు తీయడం. ఆ ఉబ్బు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేది, మగబిడ్డలకూ వస్తుంది, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. పిండితే చీము పట్టి కోత దాకా వెళుతుంది.

మాడుకు ఆముదం గురించి ఇంత కఠినంగా మాట్లాడనక్కరలేదు. మెల్లగా రాస్తే నష్టం లేదు. కానీ మాడు ‘పూడటానికి’ ఆముదం అవసరం లేదు. ముందువైపు మాడు సాధారణంగా 12 నుంచి 18 నెలల మధ్య తనంతట తానే మూసుకుంటుంది. మాడు లోతుగా కుంగినట్టు కనిపిస్తే అది ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తు. అప్పుడు ఆముదం కోసం వెతుకుతూ కూర్చుంటే విరేచనాలతో ఉన్న బిడ్డ విలువైన గంటలు పోగొట్టుకుంటుంది.

సాంబ్రాణి వాసన అంటే నాకూ ఇష్టమే. తడి జుట్టు ఆరాలన్న అవసరమూ అర్థమవుతుంది. కానీ పసిబిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, మనకంటే మూడు రెట్లకు పైగా. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మీద పొగ వేస్తే సన్నని మసి, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి పోతాయి. మెత్తని పొడిబట్టతో తల తుడిస్తే ఆ పని రెండు నిమిషాల్లో అవుతుంది. పొగ వద్దనే ఆస్పత్రుల ఆవరణలోనే పిల్లల పౌడరు డబ్బాలు అమ్ముతుంటారు, ఆ పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ మాట మాత్రం ఎవరూ అంత గట్టిగా చెప్పరు. కొన్ని రకాల కాటుకలో, సుర్మాలో సీసం ఉంటుంది. కంట్లో పెట్టకుండా ఉంటే పోయేదేమీ లేదు, దిష్టి చుక్క అరికాలికి పెట్టినా సరిపోతుంది.

నలుగు పిండి గురించి ఒక ముచ్చట. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడిన వారిలో రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ మొదలైంది. 2011లో ఆ సబ్బును వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందు గోధుమ తింటే వారికి ఏమీ అయ్యేది కాదు. తినే పదార్థం నోటి ద్వారా వెళ్లినప్పుడు ఒంటికి అలవాటవుతుంది, ఒరుసుకున్న చర్మం ద్వారా వెళితే శత్రువుగా గుర్తుండిపోతుందన్న ఆలోచన ఇప్పుడు వైద్యంలో బలపడుతోంది. అది పెద్దవాళ్లు వాడిన సబ్బు. పసివాళ్ల శెనగపిండికి అదే జరుగుతుందని చెప్పలేం. అయినా పుట్టుకతో వచ్చిన నూగు తనంతట తానే రాలిపోతుంది కాబట్టి, అది పోవాలని గరుకు పిండితో ఎర్రగా కందేలా రుద్దడంలో అర్థం లేదు.

ఇన్ని వద్దులు చెప్పాక, లాలపోసే ఆవిడ దగ్గర ఉన్న ఒక గొప్ప సంగతి కూడా చెప్పాలి. రోజూ పగటి వెలుగులో బిడ్డను ఒంటి మీద బట్ట లేకుండా తల నుంచి కాలి దాకా చూసేది ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. పసిరికలు అరచేతులకూ అరికాళ్లకూ దిగాయా, బొడ్డు చుట్టూ ఎరుపెక్కిందా, నిన్నటికంటే బిడ్డ మెత్తబడిందా, పాదాలు చల్లగా ఉన్నాయా, ఊపిరి నిమిషానికి 60కి చేరిందా, డొక్కలు ఎగరేస్తోందా అన్నవి మొదట ఆమె కంటనే పడతాయి. ఏది చూసి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

చెబితే ఏమవుతుందో మన దేశంలోనే రుజువైంది. ఉత్తరప్రదేశ్‌లోని శివగఢ్‌లో పరిశోధకులు తల్లులతోనే ఆగకుండా అత్తగార్లతో, ఇంటి పెద్దలతో, మంత్రసానులతో కూర్చుని, బిడ్డను వెచ్చగా ఉంచడం, స్నానం వాయిదా వేయడం వంటివి వాళ్ల మాటల్లోనే చర్చించారు. 2008లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు 54 శాతం తగ్గాయి. కొన్ని గ్రామాల్లో వీటికి తోడు బిడ్డ చల్లబడితే రంగు మారి చూపించే స్టిక్కర్ కూడా ఇచ్చారు. దానివల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామ మహిళలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి, మూడో ఏటికి ఆ మరణాలను 62 శాతం తగ్గించారని 1999లో లోకానికి తెలిసింది. ఆ అనుభవం మీదే 2011లో దేశమంతటా ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనలు మొదలయ్యాయి. ఆస్పత్రిలో ప్రసవమైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వాళ్లు వచ్చి బిడ్డను తూచి, ఉష్ణోగ్రత చూసి వెళతారు.

ఆ సందర్శనల్లో ఒక్కటైనా స్నానం వేళకు కుదుర్చుకోవచ్చు. మధ్యాహ్నం నిద్రపోతున్న బిడ్డను చూసి ఫారం నింపి వెళ్లడానికీ, పొద్దున నూనె గిన్నె పక్కన కూర్చుని ఆ చేతులు ఎక్కడెక్కడికి వెళుతున్నాయో చూడటానికీ చాలా తేడా ఉంది. ఆస్పత్రులు కూడా ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టించే ముందు ‘ఇంట్లో లాలపోసేది ఎవరు?’ అని అడగవచ్చు. ఆవిడ వరండాలోనే, ఫ్లాస్కు పట్టుకుని కూర్చుని ఉంటుంది. లోపలికి పిలిచి పది నిమిషాలు మాట్లాడటానికి కొత్త పథకం అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. బిడ్డ 2 కిలోలే ఉంటే కొన్నాళ్లు నీళ్లు ఎందుకు పోయకూడదో తల్లికి కాకుండా ఆమెకు వివరించాలి. అదీ ‘మీకు తెలియదు’ అనే గొంతుతో మొదలుపెట్టకూడదు. ఆ పెంపకంలో బతికి పెరిగిన పిల్లలను ఆమె ఎందరినో చూసి ఉంటుంది, ఆ మాటే ఎదురు చెబుతుంది.