మహారాజరాజశ్రీ ఫ్రీ గారి సముఖానికి

విశాఖపట్నం

అయ్యా,

మీకు ఉత్తరం రాస్తే స్టాంపు కొనాల్సి వస్తుందేమోనని ఇన్నాళ్ళూ వెనకాడాను. బహిరంగ లేఖకి ఆ ఖర్చు ఉండదని ఎవరో చెప్పాక ధైర్యం వచ్చింది.

మా ఊళ్ళో మీ పలుకుబడి సామాన్యమైనది కాదు. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసి మనుషుల్ని నడవనిచ్చే వేళ, మా వాకింగ్ బృందంలో మీ నామస్మరణ జరగని రోజు లేదు. ఎవరి ఫోన్లో ఎన్ని పీడీఎఫ్‌లు చేరాయో, నిన్న విడుదలైన సినిమా ‘మంచి ప్రింటు’ ఎవరికి ముందు దొరికిందో అక్కడే తేలుతుంది. స్టీలు ప్లాంటులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. తెలుగు సాహిత్యం సగానికి పైగా ఆయన ఫోన్లోనే కాపురం ఉంది. అందులో ఏం చదివారండీ అని అడిగితే, “చదవడానికేటుంది బాబూ, ఉంది కదా!” అంటారు. ఫలం ఆశించకుండా మిమ్మల్ని సేవించే భక్తుణ్ణి ఇంకొకర్ని చూపించండి.

ఆ పెద్దాయనే సాయంత్రం అదే బీచిలో మురీ మిక్చర్ కొని, బండివాడు అడిగినంతా నోరెత్తకుండా ఇస్తారు. పొట్లం విప్పాక కాగితం మీద ఏదైనా కథ ముక్క కనబడితే నూనె మరక దాకా చదువుతారు కూడా. మిక్చర్‌కి డబ్బులు, కథ మీ ఖాతాలో.

సినిమాల దగ్గరికి వస్తే, హాళ్ళ పేర్లే చిరునామాలైన ఊరు మాది. జగదాంబ అన్నా, రామా టాకీస్ అన్నా ఆటోవాడు మళ్ళీ అడగడు. అలాంటి ఊళ్ళో మేం మీ పక్షం చేరడానికి చెప్పే కారణం టికెట్టు రేటు. కారణం అబద్ధం కాదు. పెద్ద హీరో సినిమాకి మొదటి వారం రేటు పెంచుకోమని జీవో వస్తుంది, నలుగురున్న ఇల్లు హాలుకి వెళ్ళాలంటే నెల బడ్జెట్టు తిరగరాసుకోవాలి. కానీ 2021లో ప్రభుత్వం పల్లెటూళ్ళ నాన్ ఏసీ హాళ్ళలో కింది తరగతి టికెట్టుని 5 రూపాయలకి దించినప్పుడు మీరేమైనా సెలవు పెట్టారా? పెట్టినట్టు ఎవరూ చెప్పలేదు.

2025 నవంబరులో, పేరుమోసిన తెలుగు పైరసీ సైటు నడిపాడంటూ హైదరాబాదు పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. విశాఖవాడని పేపర్లో చూసి మా బృందంలో ఛాతీలు కొంచెం పొంగాయి. పేదవాడికి వినోదం పంచిన దాత అన్నారు. ఆ సైటు జనాన్ని బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్ళించిందని, లక్షలమంది వివరాలు పోగేసిందని పోలీసులు చెప్పిన పేరా మాత్రం ఎవరి కంటా పడలేదు. మీ దగ్గర బిల్లు ఎప్పుడూ వెనక పేజీలోనే ఉంటుంది కదా, మాకు పేజీ తిప్పే ఓపిక ఉండదు.

ఇంతలో మీరు ఏఐ అవతారం ఎత్తారు. 2025లో ఎయిర్‌టెల్ వాళ్ళు పర్‌ప్లెక్సిటీని ఏడాది, జియో వాళ్ళు జెమినైని ఏడాదిన్నర ఊరికే ఇచ్చారు. ఓపెన్ఏఐ వాళ్ళు చాట్‌జీపీటీ గోని ఏడాదిపాటు తామే పంచిపెట్టారు. పెళ్ళిలో వడ్డించేవాడు మనవాడైతే ఇంతే. పిల్లలు హోంవర్కు దానికి అప్పజెప్పారు. పెద్దలు జాతకాలు అప్పజెప్పారు.

విచిత్రమేమిటంటే, సరిగ్గా ఇక్కడే మావాళ్ళకి నీతి ముంచుకొచ్చింది. “రచయితల పుస్తకాలన్నీ మింగేసిందట ఆ మిషను. పైసా ఇచ్చిందా? అడిగిందా?” అని స్టీలు ప్లాంటు పెద్దాయన బీచ్ రోడ్డు మీద ఆగి మరీ గర్జించారు. ఆ సంగతి ఆయన ఒక వారపత్రికలో చదివారు. వారపత్రిక కూడా పీడీఎఫే.

ఆయన కోపం న్యాయమైనదే. 2025లో అమెరికాలో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ దొంగ లైబ్రరీల నుంచి పుస్తకాలు దించుకున్న కేసులో 150 కోట్ల డాలర్లకి రాజీపడింది. పుస్తకానికి 3,000 డాలర్లు, మన లెక్కలో రెండున్నర లక్షల పైమాట. కొన్న పుస్తకాలతో యంత్రానికి చదువు చెప్పడం తప్పు కాదని, దొంగ ప్రతులు దించి దాచుకోవడం వేరే సంగతని జడ్జి అంతకుముందే అన్నాడు. అంటే, అంత డబ్బున్న కంపెనీ కూడా పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మా పెద్దాయన వెళ్ళే దారినే వెళ్ళింది. మనం నడిచి నడిచి కాలిబాట చేసి పెడితే వాళ్ళు దాని మీద లారీలు తోలారు.

ఆ పరిహారంలో మా తెలుగు రచయితలకి ఏమైనా వస్తుందా అని ఆశపడకండి. అమెరికాలో కాపీరైటు రిజిస్టరు చేయించిన పుస్తకాలకే అది. మావాళ్ళు అచ్చేసేది అయిదు వందల కాపీలు, అందులో సగానికి పైగా సంతకం పెట్టి, ఇంటికి తెచ్చి, మన చేతిలో పెట్టి, “వీలు చూసుకుని చదవండి” అని బతిమాలతారు. ఇలాంటివాళ్ళ దగ్గర దొంగిలించాల్సిన అవసరం ఏ కంపెనీకీ లేదు, సభకి వస్తే చాలు.

మరో ఘనకార్యం కూడా మీ పుణ్యమే. ఎవరో రాత్రంతా కూర్చుని రాసిన కథ మా గ్రూపులోకి వచ్చేసరికి పైన పేరు ఉండదు, కింద ‘సేకరణ’ అని ఉంటుంది. రాసినవాడికన్నా సేకరించినవాడికే ఎక్కువ దండాల బొమ్మలు వస్తాయి. ఏఐ అంటే ఏమిటో మా బృందానికి ఇంజనీర్లు ఎందరు చెప్పినా ఎక్కలేదు గానీ, అది కూడా పేర్లు తీసేసిన సేకరణే అని ఒకరనగానే అందరికీ ఒక్కసారిగా అర్థమైపోయింది. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. టీ వచ్చాక మళ్ళీ మామూలే.

పెద్దాయన ఒకసారి ఆ ఏఐనే అడిగారు, పైరసీ పీడీఎఫ్ చదవడం తప్పా అని. అది చాలా మర్యాదగా, రచయిత శ్రమని గౌరవించాలని, వీలైతే కొని చదవాలని, లేదంటే లైబ్రరీకి వెళ్ళాలని చెప్పింది. దాని మేత ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. గురివింద సంగతి మనకి కొత్తా? ఆయనకి జవాబు ఎంత నచ్చిందంటే, కాపీ చేసి గ్రూపులో పెట్టారు. కింద ‘సేకరణ’.

మా ఊరి వకీలు రావిశాస్త్రి గారు ఒక మాట అన్నారు: రాసేవాడు తన రాత ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడ్డకి సాయపడుతుందో ఆలోచించుకోవాలని. చదివేవాడి గురించి ఆ మాటలో లేదు గనక మేం నిశ్చింతగా ఉన్నాం. ఏటా జులై 30న ఆయన పుట్టినరోజుకి ఈ మాట బొమ్మగా గ్రూపులోకి వస్తుంది, దాని వెనకే ఆయన పుస్తకాల పీడీఎఫ్‌లు వస్తాయి. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులు వారసులవే. ఆయన 1993లో పోయారు. 2053 దాకా ఆగాలన్నమాట. గురజాడ వారు 1915లోనే వెళ్ళిపోయారు కాబట్టి ఆయన్ని దర్జాగా దించుకోవచ్చు, అది మీ జోలికి రాని ఫ్రీ. కానీ హక్కుగా దొరికేదాన్ని దించుకోవడంలో మావాళ్ళకి రుచి లేదు.

మీరు ఇప్పుడు పుస్తకాలతో ఊరుకోవడం లేదు, ముగింపుల మీద కూడా చెయ్యి వేశారు. 2025 ఆగస్టులో ‘రాంఝణా’ అనే హిందీ సినిమా తమిళ రూపాన్ని ఏఐతో చివర మార్చి, చనిపోయిన హీరోని బతికించి మళ్ళీ హాళ్ళలో వేశారు. దర్శకుడూ, హీరో ధనుషూ ఇద్దరూ అభ్యంతరం చెప్పారు. హక్కులున్న కంపెనీ వినలేదు. ఈ లెక్కన మన ‘మరోచరిత్ర’ని ఎవరు ఆపగలరు? 1978లో బాలచందర్ గారు మా తీరం మీద తీసిన కథ, చివర ఇద్దరూ చనిపోతారు. మద్రాసువాళ్ళు తెలుగు రాకపోయినా ఏడాదికి పైగా చూసి ఏడ్చారు. ఇప్పుడు ఒక్క ఆజ్ఞ ఇస్తే బాలూ స్వప్నా బతికి, ఎంవీపీ కాలనీలో మూడు గదుల ఫ్లాటు కొనుక్కుని, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలని కొట్టుకుంటారు. అప్పుడు ఏడవాల్సింది మేము. ఒకరి దుఃఖాన్ని అడక్కుండా సరిదిద్దడం కూడా ఉచిత సేవ కింద జమవుతుందా అని నాకో సందేహం.

అన్నట్టు, మీరు మా ఊళ్ళోనే ఇల్లు కట్టుకుంటున్నారని విన్నాం. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు ఇక్కడ ఏఐ హబ్ పెడతామని, అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించారు. ఆనందపురం మండలం తర్లువాడ పేరు అప్పటినుంచీ పేపర్లో నలుగుతోంది. ఏఐని నడిపే మిషన్లు ఉండే గిగావాట్ స్థాయి డేటా సెంటరట. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. గిగావాట్ అంటే అందులో సగం. ఆ మిషన్లకి చల్లదనం కావాలి, చల్లదనానికి కరెంటో నీళ్ళో రెండూనో కావాలి. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే వీధులున్న ఊరికి ఈ సంగతి మెల్లగా చెప్పాలి. ఉద్యోగాలొస్తాయని మా అబ్బాయి అంటున్నాడు, రావాలనే నాకూ ఉంది. కానీ మీ పేరు మీద కరెంటు మీటరు తిరగడం చూడాలని మాత్రం చాలా కుతూహలంగా ఉంది.

మిమ్మల్ని పూర్తిగా తిట్టడానికి నాకు మనసు రాదు. గ్రంథాలయం ఫ్రీ అనుకుంటాం గానీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు కడుతున్నాం. ముందే చెల్లించిన పుస్తకాన్ని అలమరలో వదిలేసి, చెల్లించని పుస్తకం కోసం రాత్రి పన్నెండింటికి లింకులు వెతికే జాతి మాది. (ఆ సెస్సు వసూలయ్యాక గ్రంథాలయ సంస్థకి చేరేలోపు ఎక్కడెక్కడ విశ్రాంతి తీసుకుంటుందో, అది వేరే ఉత్తరం.)

ఒక్క విన్నపం. మా బృందంలో టీచరమ్మగారు ఒకావిడ నవల రాశారు. వచ్చే ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆవిష్కరణ. వెల 200 రూపాయలు. మీరు ఎలాగూ వస్తారు, వద్దన్నా ముందు వరసలోనే కూర్చుంటారు. టిఫిను దగ్గర మీకు ఏ లోటూ రాదు, పుస్తకాల బల్ల దగ్గరికి మాత్రం రావద్దు. అక్కడ ఫోన్‌పే స్కానర్ పెట్టి కూర్చునే పని స్టీలు ప్లాంటు పెద్దాయన తనకే కావాలని పట్టుబట్టి తీసుకున్నారు.

“నేనక్కడుంటే ఎవుడూ ఫ్రీగా అడగడమ్మా. అడిగేవాణ్ణి నేనే కదా!” అన్నారు టీచరమ్మగారితో.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు