ఓవెన్ ఫెయిల్యూర్ అనడం సగం నిజమే
ఆదర్శ సమాజాల మీద రాసిన ఆర్టికల్‌లో షంబాలా (టిబెట్ బౌద్ధ కథల్లో చెప్పే స్వర్గంలాంటి రాజ్యం) లాంటి కథల్నీ, అందరూ కలిసి సమానంగా బతికే ఊళ్ళు పెట్టాలని చూసిన బ్రిటిష్ మిల్లు యజమాని రాబర్ట్ ఓవెన్ ప్రయోగాల్నీ ఒకే గాటన కట్టేసి అన్నీ పగటికలలే అని తేల్చేశారు, నేనైతే ఒప్పుకోను. 1825లో ఓవెన్ అమెరికాలో మొదలెట్టిన అలాంటి ఊరు న్యూ హార్మొనీ రెండేళ్ళకే చెదిరిపోయింది కరెక్టే, వచ్చినవాళ్ళందర్నీ చేర్చేసుకుని పని ఎవరు చెయ్యాలో తేల్చకపోతే ఇంకేమవుద్ది. కానీ అంతకుముందు స్కాట్లాండ్‌లో న్యూ లానార్క్ మిల్లు నడిపింది కూడా ఈయనే కదా, 10 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మానేసి 1816లో అక్కడే బడి తెరిచాడు, అయినా మిల్లుకి లాభాలొచ్చాయి (ఆర్టికల్‌లో దీని ఊసే లేదు మరి!). 1844లో ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ కార్మికులు తలా కొంచెం డబ్బులేసుకుని పెట్టిన సహకార దుకాణం వెనక కూడా ఆయన ఆలోచనలు నమ్మినవాళ్ళున్నారు, సహకార సంఘాలు ఇప్పటికీ చాలావరకు వాళ్ళ రూల్స్ మీదే నడుస్తున్నాయి.