బ్లూ మెడిసిన్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ బ్లూ మెడిసిన్ గారికి ఒక చేపల తొట్టి యజమాని నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ చేపలు తప్ప మేమందరం క్షేమం. తమరు టీవీ స్టాండు అరలో, మేత డబ్బాకూ పని చేయని రిమోట్‌కూ మధ్య, మూత చుట్టూ నీలం గడ్డకట్టించుకుని క్షేమంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను.

ముందుగా తమరి హోదాకు అభినందనలు. కుక్కకు జ్వరమొస్తే డాక్టరు ఉన్నాడు, గేదె మేత మానేస్తే పశువుల ఆసుపత్రి ఉంది. చేపకు మాత్రం తమరే డాక్టరు, తమరే ల్యాబు, తమరే మందుల షాపు. చేప అడుగున పడుకుంటే బ్లూ మెడిసిన్. పైకి తేలి నోరు తెరుస్తుంటే బ్లూ మెడిసిన్. తోక చివికినా, పొట్ట ఉబ్బినా, ఆఖరికి పక్క చేపను కొరికినా బ్లూ మెడిసినే. అక్వేరియం షాపుకు వెళ్లి "అన్నా, మా చేప అదోలా ఉంది" అనడం ఆలస్యం, "బ్లూ వేశారా?" అని అడుగుతారు. వేశామంటే "ఇంకో నాలుగు చుక్కలు వేయండి సార్" అంటారు. నీళ్లు ఎలా ఉన్నాయని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే సీసా అమ్ముడుపోదు. అయినా చేప ఆరోగ్యం గురించి అడగడం మనకు అలవాటు లేదు. మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో వేలమంది ఉబ్బసం తగ్గాలని బతికున్న కొర్రమీను పిల్లను మింగుతారు. ఆ పిల్లకు ఒంట్లో ఎలా ఉందో కనుక్కున్నవాళ్లు లేరు.

తమరి పుట్టుకేమీ తక్కువది కాదు. 1876లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీలో హైన్రిక్ కారో అనే రసాయన శాస్త్రవేత్త తమరిని గుడ్డలకు వేసే రంగుగా తయారుచేశాడు. మెథిలీన్ బ్లూ అనేది తమరి అసలు పేరు. 1891లో బెర్లిన్‌లో పాల్ ఎర్లిక్, పాల్ గుట్‌మన్ కలిసి తమరిని మలేరియా రోగులకు మందుగా ఇచ్చారు. రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కూర్చుని దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది 1897లో. అప్పటికే తమరు సీనియర్. రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోయే ఒక జబ్బుకు ఈనాటికీ ఆసుపత్రుల్లో తమరిని నరంలోకి ఎక్కిస్తారు. ఇంత అనుభవం గడించి, చివరికి రెండడుగుల తొట్టిలో గప్పీ చేపలకు దిష్టి తీసే ఉద్యోగంలో చేరారు.

ఇంకో చిత్రం. చేపలకు వైట్ స్పాట్ అనే తెల్ల చుక్కల జబ్బు తెచ్చే పరాన్నజీవికి ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అని ఫూకే అనే శాస్త్రవేత్త పేరు పెట్టింది కూడా 1876లోనే. తమరూ అదీ ఒకే ఏడాది పద్దుల్లోకి ఎక్కారు. జాతకాలు కుదిరాయి కాబోలు, ఇన్నేళ్లయినా ఒకరి వల్ల ఒకరికి గిరాకీ తగ్గలేదు.

తమరి అసలు బలం మందులో లేదు, రంగులో ఉంది. చేప మొప్పల్లోంచి అమ్మోనియా పగలూ రాత్రీ నీటిలోకి వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు. నీళ్లు తళతళ మెరుస్తూనే ఉంటాయి. వచ్చిన చుట్టాలు "అబ్బ, ఎంత నీట్‌గా మెయింటెయిన్ చేస్తున్నారండీ" అంటూనే ఉంటారు. లోపల చేపకు మొప్పలు మండుతుంటాయి. అదే తమరు నాలుగు చుక్కలు పడితే చాలు, తొట్టంతా నీలం. ఏదో వైద్యం జరుగుతోందని హాల్లో ఉన్న ప్రతివాళ్లకూ కనిపిస్తుంది. కనిపించని అమ్మోనియాకు భయపడేవాడు లేడు, కనిపించే తమరిని నమ్మనివాడు లేడు.

కనిపించని వాళ్లలో తమరి బాధితులు కూడా ఉన్నారు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, అడుగున రాళ్ల మీద కాపురం ఉంటుంది. నైట్రేట్ కొంచెం ఉన్నా చేప తట్టుకుంటుంది, మొదటి రెండింటినీ తట్టుకోలేదు. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ ముక్క షాపులో చెప్పరు. తొట్టి, రంగు రాళ్లు, ప్లాస్టిక్ మొక్క, మునిగిన ఓడ బొమ్మ, కవర్లో పది చేపలు, వాటితో పాటు తమరు, అందరూ ఒకే సాయంత్రం ఒకే ఆటోలో ఇంటికొస్తారు. పది పదిహేను రోజుల్లో తమరి అవసరం పడుతుందని షాపువాళ్లకు ముందే తెలుసు కాబట్టే ఆటోలోనే పంపుతారని నా అనుమానం.

ఇక ఆదివారం సంగతి. తొట్టి కడగడమంటే ఇంటిల్లిపాదికీ పండగ. చేపలన్నిటినీ బకెట్లోకి దింపుతారు. నీళ్లు చుక్క మిగలకుండా పారబోస్తారు. రాళ్లు కడిగి మేడ మీద ఎండబెడతారు. స్పాంజిని కొళాయి కింద పెట్టి, తెల్లగా తేలేదాకా పిండుతూనే ఉంటారు. అందులో గోధుమరంగు జిగురుగా కనిపించేదాన్ని మురికి అనుకుంటారు. నెలన్నర పాటు పెరిగి ఆ తొట్టిని కాపాడుతున్నది అదే. పిండగా మిగిలినదాని సంగతి కొళాయి నీళ్లలోని క్లోరిన్ చూసుకుంటుంది. బ్లీచింగ్ వాసన కొట్టే మునిసిపల్ నీళ్లు మనం తాగడానికి వెనకాడతాం, చేపను మాత్రం నిలువునా అందులోనే వదులుతాం. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడానికి బద్ధకం. తమరి చుక్కలకు లేని బద్ధకం దానికెందుకో అర్థం కాదు. దానికి రంగు లేదనేమో.

సోమవారం చేపలు బాగానే ఉంటాయి. మంగళవారం మేత ముట్టవు. బుధవారం తమరు దిగుతారు. దిగి, ఆ మిగిలిన కాస్త బాక్టీరియాను కూడా పడుకోబెడతారు.

ఇక్కడే తమరి గొప్పతనానికి చేతులెత్తి దండం పెట్టాలి. బాక్టీరియా దెబ్బతింటే నైట్రైట్ పేరుకుంటుంది. అది రక్తంలో చేరితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయడం మానేస్తుంది, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేప ఊపిరాడక కొట్టుకుంటుంది. దీనికి విరుగుడు ఏమిటి? తమరే! ఆసుపత్రిలో మనిషికి చేసే సాయమే ఇక్కడ చేపకూ చేస్తారు. సమస్య తెచ్చేదీ తమరే, తీర్చేదీ తమరే. ఎన్నికల్లో నిలబడి ఉంటే వరసగా మూడు సార్లు గెలిచేవారు. వంటింట్లో కల్లుప్పు కూడా ఈ పనికి వస్తుంది, అందులోని క్లోరైడ్ మొప్పల దగ్గరే నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. కానీ పాపం ఉప్పు నీళ్లలో కరిగితే కనిపించదు కదా. ఎన్ని ప్రాణాలు నిలబెట్టినా దానికి పేరు రాదు.

వైట్ స్పాట్ విషయంలో తమరు సంపాదించిన కీర్తి మీద నాకు ప్రత్యేకంగా ఫిర్యాదు ఉంది. చేప ఒంటి మీద, రెక్కల మీద సూదిమొనంత తెల్ల చుక్కలు కనిపిస్తాయి. ఆ పురుగు అప్పుడు చర్మం పొర కింద భద్రంగా ఉంటుంది, తమరు గానీ, తమరి తమ్ముడు, మలకైట్ గ్రీన్ అనే ఇంకో రంగు మందు గానీ దాని దరిదాపులకు పోలేరు. కడుపు నిండాక అదే రాలి అడుగున రాళ్లలోకి చేరుతుంది. పారిపోయి కాదు, పురిటికి వెళ్లింది. అక్కడ ఒక్కో దాని నుంచి వందల పిల్లలు పుట్టి, రెండు రోజుల లోపు కొత్త చేపను పట్టుకోవాలని ఈదుతుంటాయి. మందుకు దొరికేది ఆ ఈదే పిల్లలే. మనవాళ్లు చేసేదేమిటి? మూడో రోజు చుక్కలు రాలిపోగానే "చూశావా, బ్లూ పనిచేసింది" అని తమరి మూత బిగించేస్తారు. వారం తిరక్కుండా ముందు రెండు చేపలకు ఉన్న చుక్కలు ఎనిమిదింటికి వస్తాయి. "ఈసారి మందు కల్తీది" అని ఇంకో సీసా తెస్తారు. చుక్కలు పోయాక కూడా మందు కొనసాగించాలని, అడుగున పేరుకున్న చెత్తను పైపుతో లాగుతూ కొంచెం కొంచెం నీళ్లు మార్చాలని, వేడి తట్టుకునే చేపలైతే నీటిని మెల్లగా 28 నుంచి 30 డిగ్రీలకు తెచ్చి గాలి పంపు పెంచితే పురుగు వయసు తొందరగా తిరిగి మందుకు చిక్కుతుందని తమరి సీసా మీద రాసి ఉండదు. మీద చేప బొమ్మ ఉంటుంది, ఆ చేప నవ్వుతుంటుంది.

కొలత గురించి అడగకండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో నిండా పోస్తే 56 లీటర్ల చిల్లర పడతాయి. రాళ్లు, ఓడ బొమ్మ పోగా ఇంకా తక్కువ. ఈ లెక్క ఏడో తరగతి పిల్లాడు చేస్తాడు, కానీ తమరిని పోసేది వాడి నాన్న. ఆయన కొలత "నీలంగా కనిపించేదాకా". మలకైట్ గ్రీన్‌కు ఇదే కొలత వాడితే పొలుసులు లేని, ఉన్నా మరీ చిన్నవైన లోచ్, క్యాట్‌ఫిష్ లాంటి చేపలు జబ్బు కంటే ముందే పోతాయి. ఇంకొన్ని ఇళ్లలో ఫిల్టర్లో బొగ్గు తీయకుండా తమరిని పోస్తారు. తెల్లారేసరికి బొగ్గు తమరిని మింగేస్తుంది, నీళ్లు మళ్లీ తేటబడతాయి, "మందంతా చేప పీల్చుకుంది" అని ఇంట్లో సంతోషం. టెస్ట్ కిట్‌తో నీళ్లు చూద్దామా అంటే, అందులో తేడా తెలిసేది రంగును బట్టి. తమరు కలిసిన నీళ్లలో ఏ రంగు చూసి ఏం చెబుతాం? సాక్ష్యం కూడా మిగల్చరు తమరు.

భీమవరం, కైకలూరు వైపు చెరువులు చేసే రైతుల ఇళ్లకు ఒకసారి తమరిని చుట్టపుచూపుగా తీసుకెళ్లాలని ఉంది. వాళ్లు మందులు పోయరని కాదు, ఆ గట్ల మీద డబ్బాలు చూస్తే తమరికే కళ్లు తిరుగుతాయి. కానీ వాళ్లు సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబుకు వెళతారు. అమ్మోనియా ఎంత, పీహెచ్ ఎంత అని ఫోన్లో మాట్లాడుకుంటారు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా ఏరేటర్లు తిప్పుతారు. చేప వాళ్లకు అన్నం పెడుతుంది కాబట్టి నీళ్లు చూస్తారు. హాల్లో చేప మనకు అందంగా మాత్రమే కనిపించాలి, అందుకని నీళ్లలోంచి చూస్తాం.

తమరి తలకెత్తిన జబ్బుల్లో సగం జబ్బులే కావు. గోల్డ్‌ఫిష్ తలకిందులుగా తేలుతుంటే చాలాసార్లు దానికి మేత ఎక్కువైందని అర్థం, ఒకటి రెండు రోజులు పస్తు ఉంచితే సర్దుకోవచ్చు. కానీ పస్తు అనే మందు మన ఇళ్లలో ఎక్కడ దొరుకుతుంది? పొద్దున పిల్లాడు వేస్తాడు. వాడు వేశాడని తెలియక నానమ్మ వేస్తుంది. "పాపం నోరులేని జీవి" అని పనమ్మాయి ఇంకో చిటికెడు వేస్తుంది. రాత్రి ఆఫీసు నుంచి వచ్చినాయన అది తన వైపే చూస్తోందని మురిసిపోయి వేస్తాడు. తినగా మిగిలింది అడుగున కుళ్లి మళ్లీ అమ్మోనియా. నోటి దగ్గర దూదిలా పడితే ఫంగస్ అని తమరిని పిలుస్తారు, అది తరచుగా కాలమ్‌నారిస్ అనే బాక్టీరియా పని. పొలుసులు నిక్కబొడుచుకున్నాయంటే లోపల మూత్రపిండాల దాకా వచ్చిన వ్యవహారం, అప్పుడు తమరు చేయగలిగేది శవానికి రంగు వేయడం.

అదృష్టం కోసం పెంచే ఫ్లవర్‌హార్న్, అరోవానా చేపల గార్ల కేసులు మన పరిధిలోకి రావు. వాళ్లు వాస్తు డిపార్ట్‌మెంటు. పోతే ఇంటిమీదికి రావాల్సిన కీడును తమ మీద వేసుకుని పోయారంటారు. ఫైలు అక్కడితో మూసేస్తారు.

ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ ఉండేది. 1956లో ఒక జాతరలో బహుమతిగా దొరికింది, 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికింది. మన దగ్గర గోల్డ్‌ఫిష్ 43 రోజులు దాటితే "చేయి మంచిది మీది" అంటారు.

తమరిని ఉద్యోగంలోంచి తీసేయమని నేను అనడం లేదు. చేప గుడ్లకు బూజు పట్టకుండా తమరు చేసే సేవ గొప్పది. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి ఆక్సిజన్ కవర్లో ఊళ్లు దాటి వచ్చే చేపలను రెండు మూడు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచాలి కదా, అవసరం పడితే అక్కడ తమరికి కుర్చీ ఉంది. పెద్ద తొట్టి జోలికి మాత్రం రాకండి. అక్కడ వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చే పాత బకెట్‌ను, తీసిన తొట్టి నీళ్లలోనే స్పాంజిని ఒకసారి జాడించే చేతిని ఇన్‌ఛార్జిగా వేశాను. వాళ్లకు రంగు లేదు, ఇంటికొచ్చిన వాళ్లు గుర్తుపట్టరు. సర్దుకుంటారు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క. ఉత్తరం ముగిస్తుండగా పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చారు. "బాబూ, మా చేప అదోలా ఉంది, మీ దగ్గర ఆ నీలం మందు ఉందటగా?" అన్నారు. ముందు నీళ్లు చూడండి ఆంటీ అని టెస్ట్ కిట్ చేతిలో పెట్టాను. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, "ఇందులో మందేమీ లేదు బాబూ" అని కిట్ ఇచ్చేసి తమరిని పట్టుకెళ్లారు. కాబట్టి ఈ ఉత్తరం వాళ్ల తలుపు సందులోంచి వేస్తున్నాను, అందగానే జవాబు రాయగలరు.