పొగ పైకే పోతుందంట

పోయిన వారం నేను సైన్సు మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. నేర్పినాయన టై కట్టుకున్నాడు. నెల్లూరు జిల్లాలో, మే నెలలో, షామియానా కింద టై! అంతటి మనిషిని నమ్మకపోతే పాపం.

మా ఊరి పక్కన పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ పెడతారంట. దానికి ప్రజాభిప్రాయ సేకరణ. జనం అభిప్రాయం వినాలని రూలు ఉంది కాబట్టి, జనాన్ని కూర్చోబెట్టి కంపెనీ అభిప్రాయం వినిపించారు.

"చిమ్నీ ముప్పై మీటర్లు. పొగ పైకే పోతుంది, కిందికి రాదు" అన్నాడు టై ఆయన.

వెనక వరసలో ఒక తాత లేచాడు. "పైకి పోయింది పైన్నే ఉంటాదా సారూ?"

"ఉంటుంది తాతా."

"పైన యాడ?"

"పైనే."

"గాలేస్తే?"

"సముద్రం వైపు పోతుందని రిపోర్టులో ఉంది."

మధ్యాహ్నం దాటితే గాలి సముద్రం మీంచి ఊరి మీదికి తిరుగుతుందని మా చేపలమ్మే అవ్వకి కూడా తెలుసు. రిపోర్టు కాపీ సముద్రానికి పంపడం మర్చిపోయినట్టున్నారు.

ఇంతలో మాస్కుల పెట్టెలు దిగాయి. పొగ కిందికి రానే రాదు, అయినా రేషన్ కార్డుకి మూడు మాస్కులు! వడ్ల తూర్పారబట్టే దుమ్ము కూడా ఆపలేని పల్చటి గుడ్డ, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. గాలిలో సీసం ఏడాది సగటున ఘనపు మీటరుకి 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నుంచి దేశంలో ప్రమాణం ఉంది కదా, కొలిచే మిషన్ మా ఊళ్లో ఎక్కడ పెడతారని అడిగాను. మాస్కు సైజు చెప్పమన్నారు.

కరిగించేటప్పుడు లేచే సీసం సన్నటి ధూళిగా నేల మీద, తోటకూర మీద, దండెం మీది బట్టల మీద వాలుతుంది. పాకే పిల్లాడు ఆ నేల మీదే చెయ్యి పెట్టి, ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటాడు. కడుపులోకి పోయిన సీసం పెద్దలకంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఒళ్లు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఆడపిల్లయితే, పెద్దదై కడుపుతో ఉన్నప్పుడు అది ఎముకల్లోంచి బయటికొచ్చి పుట్టబోయే బిడ్డకి చేరుతుంది. ఇంతవరకు పర్లేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాడయ్యేది మెదడయ్యా, మాస్కు కాదు! రేపు ఎక్కాలు రాని పిల్లాణ్ణి మొద్దు వెధవా అని బెత్తంతో కొడతాం, వాడి ఒంట్లో సీసం నింపినవాడికి స్కూలు వార్షికోత్సవంలో శాలువా కప్పుతాం. థూ!

గ్రామస్థులు హర్షం వ్యక్తం చేశారని మినిట్స్‌లో రాసుకున్నారు. తాత మాత్రం పోతూ పోతూ బర్రెకి ఒక మాస్కు అడిగాడు, ఫ్యాక్టరీ గోడ పక్కనే కదా మేసేదని. బర్రె పేరు రేషన్ కార్డులో లేదన్నారు.