పేరు మార్చుకున్న తలపన్ను

ఏటా జులై 28న పెరూ స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకుంటుంది. 1821లో ఆ రోజున జనరల్ హోసే దె సాన్ మార్టిన్ రాజధాని లిమా ప్రధాన కూడలిలో స్పెయిన్‌తో తెగదెంపులను ప్రకటించాడు. ఆ తేదీపై మాకు అభ్యంతరం లేదు. అయితే అంతకు నలభై ఏళ్ల ముందు కూస్కో కొండల్లో లేచిన తిరుగుబాటును పక్కనబెడితే, వచ్చిన స్వాతంత్ర్యం ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో బోధపడదు.

హోసే గాబ్రియెల్ కొండోర్కాంకీ కంచరగాడిదలపై సరుకు రవాణా చేసే వ్యాపారి. కొన్ని ఊళ్లకు కురాకా, అంటే వంశపారంపర్యపు పెద్ద. స్పెయిన్ రాకముందు పెరూను ఏలిన ఇన్కా రాజుల వారసుడినంటూ తూపాక్ అమారు అనే పేరు పెట్టుకున్నాడు. ఆయన ఊళ్ల నుంచి వంతులవారీగా మనుషులను పొటోసీ వెండి గనులకు పంపాలి. మీతా అనే ఆ పద్ధతి వెట్టి తప్ప మరొకటి కాదు; ఆ మాటకు అర్థం తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. అది చాలదన్నట్టు కొరెహిదోర్ అనే జిల్లా అధికారి, అవసరం ఉన్నా లేకున్నా, గుడ్డలూ గాడిదలూ గ్రామస్థులకు అంటగట్టి తాను చెప్పిన ధర వసూలు చేసుకునేవాడు. 1780 నవంబర్ 4న రాజు పేరిట జరిగిన విందు ముగించుకుని వెళుతున్న అర్రియాగా అనే కొరెహిదోర్‌ను తూపాక్ అమారు మనుషులు దారికాచి పట్టుకున్నారు. ఆరు రోజుల తర్వాత తుంగసూకాలో ఉరితీశారు. తలారి పని చేసింది అతని సొంత బానిసే.

తిరుగుబాటుకు తిండి, ఆయుధాలు, మనుషులను సమకూర్చింది భార్య మికాయేలా బస్తీదాస్. వెంటనే కూస్కో మీదికి కదలమని ఆమె లేఖల మీద లేఖలు రాసింది. ఆయన తాత్సారం చేశాడు, ఆ తాత్సారమే కొంప ముంచింది. 1781 మే 18న కూస్కో కూడలిలో భార్యనూ పెద్ద కొడుకునూ ఆయన కళ్లెదుటే చంపారు. ఆయన కాళ్లూ చేతులూ నాలుగు గుర్రాలకు కట్టి నాలుగు దిక్కులకు తోలారు. శరీరం తెగకపోవడంతో తల నరికారు. ఇన్కా దుస్తులు, శంఖనాదం, రాజుల చిత్తరువులు, చివరికి కొండజనం మాట్లాడే కెచువా భాష కూడా నిషేధానికి గురయ్యాయి.

అక్కడే పుట్టి పెరిగిన స్పానిష్ సంతతి భూస్వాములు ఆ రోజులను మరచిపోలేదు. స్పెయిన్ పెత్తనం కంటె కొండజనం మళ్లీ లేస్తారేమోనన్న బెంగే వారిని ఎక్కువగా పీడించింది. స్వాతంత్ర్యం కోసం దక్షిణం నుంచి సాన్ మార్టిన్, ఉత్తరం నుంచి బొలీవార్ సేనలతో రావలసి వచ్చిందంటే అందులో ఆ బెంగ పాలు చిన్నది కాదు. 1821 ఆగస్టులో సాన్ మార్టిన్, ఆదివాసులు స్పెయిన్ రాజుకు తలకింత చొప్పున కట్టే తలపన్నును రద్దు చేసి, ఇకపై వారిని ఇండియన్లు అనరాదని, పెరూ పౌరులనే పిలవాలని శాసించాడు. 1824 డిసెంబర్ 9న అయకూచో యుద్ధంలో స్పెయిన్ సేన ఓడిపోయింది. ఖజానా ఖాళీగా ఉన్న కొత్త రాజ్యం 1826లో అదే పన్నును ‘ఆదివాసుల చందా’ అన్న పేరుతో తిరిగి తెచ్చింది! అది పోవడానికి 1854లో తాత్కాలిక అధ్యక్షుడు రామోన్ కాస్తీయా రావలసి వచ్చింది. చదువురానివారికి ఓటు హక్కు దక్కింది 1979 రాజ్యాంగంతో.

తూపాక్ అమారు సవతి తమ్ముడు హువాన్ బాతిస్తా దాదాపు నలభై ఏళ్లు స్పెయిన్ చెరలో గడిపి, 1822లో బ్యూనోస్ ఐరెస్ చేరాడు. కూస్కోను మళ్లీ చూడకుండానే 1827లో కన్నుమూశాడు. అప్పటికే అక్కడ ఆయన వాళ్ల దగ్గర తలపన్ను వసూలవుతోంది, ఈసారి సొంత రాజ్యం పేరిట.

2022 డిసెంబర్‌లో అధ్యక్షుడు పెద్రో కాస్తీయో దేశ పార్లమెంటు అయిన కాంగ్రెస్‌ను రద్దు చేయబోయి పదవి పోగొట్టుకున్నాడు. ఆ చర్య రాజ్యాంగ విరుద్ధమన్నదే మా అభిప్రాయం. కానీ, తాము ఓటేసి గెలిపించిన మనిషి కోసం దక్షిణాది కొండప్రాంతాల ప్రజలు వీధుల్లోకి వస్తే, లిమాలో పలువురు వారిపై ఉగ్రవాదులన్న ముద్ర వేశారు. డిసెంబర్ 15న అయకూచో విమానాశ్రయం వద్ద సైన్యం కాల్పుల్లో పదిమంది చనిపోయారు. 1824లో స్పెయిన్ సేన ఓడిన యుద్ధం పేరునే ఆ తర్వాత పెట్టుకున్న ఊరు అదే.