తీగకు గుచ్చని ఉత్తరాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో పాత ఇళ్లు వెతికితే, వాసానికి వేలాడే ఇనప తీగ ఇంకా ఒకటో రెండో దొరకొచ్చు. 2018లో తిత్లీ తుపాను కొబ్బరిచెట్లతో పాటు ఇళ్ల కప్పులూ లేపేసింది కాబట్టి అంతకన్నా ఆశ పెట్టుకోను. వచ్చిన ఉత్తరాన్ని చదివి ఆ తీగకు గుచ్చేవారు. పొగచూరి, ముట్టుకుంటే అంచులు విరిగే ఇన్‌లాండ్ కవర్లు. పల్లె కాపురాల మీద డాక్యుమెంటరీ తీసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? వెనక వయొలిన్, మంచి గొంతున్న ఒకాయన చదవడం. నా పేచీ అక్కడే.

ఆ తీగకున్నవన్నీ వచ్చినవే. ఒకప్పుడు రంగం నుంచి (రంగూన్‌ని మనవాళ్లు అలాగే అనేవారు), తర్వాత ఖరగ్‌పూర్, కలకత్తాల నుంచి మగవాళ్లు పంపినవి. ఆడవాళ్లు ఇక్కణ్ణుంచి పంపినవేవీ? అక్కడ పదిమంది మగవాళ్లు సర్దుకునే గదిలో ఉత్తరాలెవరు దాస్తారు? 1942లో బర్మా నుంచి నడిచొచ్చినవాళ్లకి ప్రాణం మోసుకురావడమే గగనమైంది. తీగనే నమ్ముకున్న సినిమాలో మొగుడే మాట్లాడతాడు. పొలం, అప్పు, అత్తగారి మందులు చూసుకున్న మనిషి వింటూ కూర్చుంటుంది.

చావు కబురు కార్డులూ దొరకవు. చదివి చించేసేవారు, ఇంట్లో ఉంచకూడదని. పాత మనియార్డరు ఉందే, ఆ ఫారం చివరి ముక్క మీద రాసే రెండు ముక్కలు నా లెక్కలో ఉత్తరం కన్నా నిజం. వాటినెవరూ దాచలేదు.

పోనీ ఇక్కడున్న ఇల్లాలి ఉత్తరమే దొరికిందనుకోండి, అందులో ఉన్నది ఆవిడ మాటేనా? చదువు రానివాళ్లకి రాసిపెట్టిన పోస్ట్‌మాన్లు, మాస్టార్లు, బడిపిల్లలు కొందరైనా ఇంకా ఉన్నారు. కెమెరా ముందు వాళ్లని కూర్చోబెట్టి, ఆవిడ చెప్పిందేమిటి, మీరు రాసిందేమిటి అని అడగాలి.

నన్నడిగితే చెబుతాను. ఆరో తరగతిలో మా వీధికి నేనే రాసేవాణ్ణి. పక్కింటావిడ గుమ్మంలో కూర్చుని, "గుంటడికి జొరం తగ్గనేదు, ఏటి సెయ్యాలో తెల్డం నేదు, బేగి రమ్మను" అంది. నేను గుండ్రటి అక్షరాలతో, "చిన్నవాడికి కొంచెం జ్వరముగా ఉన్నది, వీలు చూసుకొని రాగలరు" అని రాశాను. బడిలో నేర్పిన మర్యాద అది.

ఆయన సంక్రాంతికి గానీ రాలేదు.